థింసా సరే, వాదం మాటేమిటి?

అరకులోయకి పెద్దవాళ్లెవరు వచ్చినా ముందు థింసా ఆడిస్తారు. మంత్రి వచ్చినా, విదేశీ ప్రతినిధులు వచ్చినా, కాఫీ తోటలు చూడడానికి కంపెనీ వాళ్లు వచ్చినా అదే వరస. నడుముల వెనక చేతులు కలుపుకుని పిల్లలు వలయం తిరుగుతారు, డప్పూ తుడుమూ మోగుతాయి, అతిథులు కూడా రెండడుగులు వేసి ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత మైకు అధికారుల చేతికి వెళ్తుంది. పిల్లలు వెళ్లి పక్కన కూర్చుంటారు. థింసా మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అది గొప్ప నాట్యం. ఆదివాసీ పిల్లల కాళ్లని చూడడానికి ఇంత ముచ్చటపడే మనం వాళ్ల నోటి నుంచి ఏం వస్తుందో వినడానికి ఎందుకు కూర్చోమన్నదే సందేహం.

హైస్కూలు పిల్లలకి దేశాల మధ్య డిబేట్ పోటీలు జరగడం మొదలై ముప్పై ఐదేళ్లు దాటింది. తూర్పు కనుమల మీద ఆశ్రమ పాఠశాలల్లో, ఏకలవ్య పాఠశాలల్లో చదివే పిల్లలకి వాటితో పనేమైనా ఉందా? ఉంటే ఏ దారిలో, ఏ భాషలో, ఏ విషయం మీద? అరకు నుంచి ఆ వేదిక మీదికి వెళ్లినవాళ్ల కథ రాయాలనుంటే ఈ వ్యాసం తేలిగ్గా తేలిపోయేది. అలాంటి కథ నా చేతిలో లేదు. ఉన్నదల్లా ఒక పోటీ, ఒక కొండ ప్రాంతం, ఆ రెంటి మధ్య అక్కడక్కడా వేసిన నాలుగు మెట్లు.

ముందు పోటీ సంగతి. వరల్డ్ స్కూల్స్ డిబేటింగ్ ఛాంపియన్‌షిప్స్ 1988లో ఆస్ట్రేలియాలో మొదలైంది. మొదటిసారి వచ్చిన జట్లు ఆరు: ఆస్ట్రేలియా, కెనడా, ఇంగ్లండ్, హాంగ్‌కాంగ్, న్యూజిలాండ్, అమెరికా. అన్నీ ఇంగ్లిషు నడిచే చోట్లే. ఆ పోటీ పెట్టిన సందర్భం మనం గుర్తుపెట్టుకోదగ్గది. బ్రిటిషువాళ్లు ఆస్ట్రేలియాలో దిగి రెండువందల ఏళ్లయిన పండుగలో అదొక భాగం. అదే ఏడాది జనవరి 26న సిడ్నీలో అక్కడి ఆదివాసులూ వాళ్ల మద్దతుదారులూ వేలాదిగా వీధుల్లోకి వచ్చి, ఇది మాకు పండుగ కాదు, సంతాప దినం అని నడిచారు. పిల్లల డిబేట్ పోటీకి ఆ పాపం అంటగట్టలేం గానీ, పుట్టిన ఇల్లు ఎలాంటిదో తెలిసి ఉండడం మంచిది.

ఆట నియమాలు మాత్రం చక్కనివి. జట్టులో ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఉండొచ్చు, ఒక్కో వాదంలో ముగ్గురు మాట్లాడతారు. ఒక్కొక్కరికీ ఎనిమిది నిమిషాలు, చివర ముగింపు ప్రసంగానికి నాలుగు. మొదటి నిమిషం, ఆఖరి నిమిషం వదిలేస్తే మధ్యలో ఎదుటి పక్షం లేచి ప్రశ్న వేయొచ్చు. తీసుకోవాలా వద్దా అన్నది మాట్లాడేవాళ్ల ఇష్టం. కొన్ని ప్రతిపాదనలు వారాల ముందే తెలుస్తాయి. కొన్ని గంట ముందు చేతికొస్తాయి. ఆ గంటలో ఇంటర్నెట్ ఉండదు, కోచ్ ఉండడు, ముగ్గురు పిల్లలు ఒక గదిలో తలలు దగ్గర పెట్టుకుని ఆలోచించుకోవాల్సిందే. మార్కుల్లో విషయానికి నలభై, చెప్పే తీరుకి నలభై, వ్యూహానికి ఇరవై. యాసని బట్టి మార్కులు కోయకూడదన్నది అక్కడి పద్ధతి. ఇంగ్లిషు రెండో భాషగా ఉన్న జట్లకీ, పరాయి భాషగా ఉన్న జట్లకీ విడిగా గుర్తింపు ఇస్తారు. ఇప్పుడు అరవై వరకు జట్లు వస్తున్నాయి. 2019లో బ్యాంకాక్‌లో మన దేశం గెలిచింది, ఫైనల్లో కెనడాని ఓడించి.

ఆ గెలుపు నిజంగా గర్వించదగ్గది. అయితే భారత జట్టులోకి వెళ్లే దారి ఎక్కడెక్కడి నుంచి పోతుందో చూస్తే విషయం బోధపడుతుంది. పెద్ద నగరాల ప్రైవేటు బడులు, చిన్నప్పటి నుంచీ ఇంగ్లిషులోనే పోట్లాడుకున్న ఇళ్లు, విశ్వవిద్యాలయాల్లో డిబేట్ చేసి వచ్చిన కోచ్‌లు, వారాంతాల్లో ఆన్‌లైన్ టోర్నమెంట్లు. ఐసీఎస్ఈ బడులకి ఫ్రాంక్ ఆంథోనీ పేరున అఖిల భారత డిబేట్ ఉంది. హైదరాబాదులో, విశాఖలో కార్పొరేట్ బడుల పిల్లలు నమూనా ఐక్యరాజ్యసమితి సభలకి కోటు వేసుకుని వెళ్తారు, తలా ఇంత ఫీజు కట్టి. ఈ పిల్లలు తెలివైనవాళ్లు కారని ఎవరూ అనరు. ఆ తెలివి బయటపడడానికి వాళ్ల చుట్టూ ఎంత సరంజామా ఉందో చెప్తున్నానంతే.

అరకు వైపు చూస్తే సరంజామా సంగతి తర్వాత, పునాదే వేరు. మన బడుల్లో ఆగస్టు పదిహేనుకీ, నవంబరు పద్నాలుగుకీ, ఆగస్టు తొమ్మిది ఆదివాసీ దినోత్సవానికీ జరిగేది వక్తృత్వ పోటీ. మాస్టారు రాసిచ్చిన రెండు పేజీలు పిల్ల బట్టీ పట్టి, చేతులు కట్టుకుని, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేస్తుంది. ఒక్క మాట తడబడితే ప్రైజు పోయినట్టే. ఎదుటివాళ్లు ఏమన్నారో వినాల్సిన అవసరం అందులో లేదు. డిబేట్‌కి కావలసింది సరిగ్గా ఆ వినడమే: అవతలి పక్షం మాటని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పి, అది ఎక్కడ విరుగుతుందో చూపించడం. టీవీల్లో రాత్రి తొమ్మిదింటికి జరిగేదాన్ని డిబేట్ అనుకునే తరానికి ఈ తేడా విప్పి చెప్పడం అంత తేలిక కాదు. ఇది కొండ మీది బడులకే ఉన్న లోపం కూడా కాదు. మైదానంలో జిల్లా పరిషత్తు హైస్కూళ్లూ ఇంతే.

కొండ మీద దీనికి తోడయ్యేది భాషల దొంతర. అరకు చుట్టుపక్కల ఇంట్లో కువి మాట్లాడే పిల్లలున్నారు, కొండదొరల కూబి మాట్లాడేవాళ్లున్నారు, గదబలున్నారు, పోర్జలున్నారు. సంతలో అందరికీ ఉమ్మడిగా పనికొచ్చేది ఆదివాసీ ఒడియా. బడిలో తెలుగు. 2019 తర్వాత ప్రభుత్వ బడుల్లో పాఠ్యపుస్తకం ఇంగ్లిషు వైపు తిరిగింది. ఏకలవ్య పాఠశాలలైతే సీబీఎస్ఈ. వాటిలో టీచర్ల నియామకాన్ని 2023లో దేశమంతటికీ కలిపి కేంద్రం చేపట్టినప్పుడు పరీక్షలో హిందీ తప్పనిసరి అయింది. ఉత్తరాది నుంచి వచ్చిన ఉపాధ్యాయులు దక్షిణాది కొండల్లో పిల్లలకి ఏ భాషలో పాఠం చెప్పాలన్న చిక్కు అప్పుడే పత్రికలకెక్కింది. అంటే కువి ఇంట్లో పుట్టిన పిల్ల ఇంగ్లిషులో ఒక వాదం చెయ్యాలంటే మధ్యలో మూడు భాషలు దాటాలి. తెలివి తక్కువై కాదు, దారి పొడవై ఆగిపోతుంది.

ఖర్చులూ కాగితాలూ సరేసరి. రిజిస్ట్రేషన్, విమానం, వీసా ఒకెత్తు. మారుమూల గూడేల్లో జనన ధ్రువీకరణ పత్రమే లేని పిల్లలకి పాస్‌పోర్టన్నది ఇంకొకెత్తు. ఆన్‌లైన్ పోటీలు వచ్చాక దూరం తగ్గిందంటారు. 2020లో ప్రపంచ పోటీ కూడా ఆన్‌లైన్లోనే జరిగింది. అదే ఏడాది ఆన్‌లైన్ పాఠాల కోసం మన్యం పిల్లలు సిగ్నల్ దొరికే గుట్ట వెతుక్కుని ఎక్కారు.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం టోఫెల్ నడిపే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని బడిపిల్లలకి ఆ పరీక్ష పెట్టింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ కార్యక్రమమూ పోయింది. 2023 సెప్టెంబరులో పదిమంది ప్రభుత్వ బడి పిల్లల్ని న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితికి పంపారు. పేదింటి పిల్లలు అక్కడ నిలబడిన ఫొటో చూసి మనసు పొంగనివాళ్లు తక్కువ. కానీ అది పర్యటన. బాగా చదివినందుకు ఇచ్చిన బహుమతి. వెళ్లిన పదిమందికి అది జీవితకాలపు జ్ఞాపకమవుతుంది, వెళ్లని లక్షలమంది తరగతి గదిలో ఏమీ మారదు. పార్టీల మధ్య ఈ రెండు కార్యక్రమాల మీద జరిగిన గొడవలో ఈ మాట ఎవరూ పెద్దగా అనలేదు.

2025 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి అమరావతిలో జరిగిన విద్యార్థుల మాక్ అసెంబ్లీ ఇంతకంటే ఒక అడుగు ముందుంది. నియోజకవర్గానికి ఒకరు చొప్పున పిల్లలు రావడంతో పాలకొండ నుంచి పోలవరం దాకా గిరిజనులకి కేటాయించిన ఏడు స్థానాలకీ అక్కడ కుర్చీ దక్కింది. అరకు, పాడేరు అందులో ఉన్నాయి. ఎంపిక పద్ధతిలో ఈ సీటు కేటాయింపు చాలా మంచి ఆలోచన. మార్కులతోనో, ఇంగ్లిషుతోనో వడగడితే కొండ పిల్లలు చివరి దాకా రారు. నియోజకవర్గాన్ని బట్టి పిలిస్తే వచ్చి తీరతారు.

ఢిల్లీ నుంచి వచ్చిన మెట్లు రెండు. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ కేంద్రీయ విద్యాలయాల్లో 1988 నుంచీ, నవోదయల్లో 1997-98 నుంచీ యూత్ పార్లమెంట్ పోటీలు నడుపుతోంది. ఈ మధ్య అవి ఏకలవ్య పాఠశాలలకీ వచ్చాయి. రెండోది 2025 అక్టోబరు 30న మొదలైన మోడల్ యూత్ గ్రామసభ. పంచాయతీరాజ్ శాఖ, విద్యా శాఖ, గిరిజన వ్యవహారాల శాఖ కలిసి నవోదయల్లో, ఏకలవ్యల్లో పిల్లల చేత నమూనా గ్రామసభలు జరిపించే పథకం ఇది. అంతర్జాతీయ డిబేట్లతో పోలిస్తే ఇది చిన్నదిగా కనిపిస్తుంది. నా లెక్కలో మాత్రం ఈ మొత్తం జాబితాలో కొండలకి దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. కారణం చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

బొర్రా గుహల చుట్టుపక్కల అనంతగిరి మండలంలో సున్నపురాయి జాతి ఖనిజాల తవ్వకానికి ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకి వెళ్లింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పు చెప్పింది. ఆ కేసులో తేలాల్సిన ముడి చూస్తే ఏ డిబేట్ కోచ్‌కైనా నోరూరుతుంది. గిరిజన ప్రాంతంలో భూమిని గిరిజనేతర 'వ్యక్తి'కి బదలాయించకూడదని 1959 నాటి రెగ్యులేషన్, దాన్ని గట్టిపరిచిన 1/70 చెప్తున్నాయి. సరే, ప్రభుత్వం తన భూమిని తాను లీజుకిస్తే? ప్రభుత్వం కూడా ఆ 'వ్యక్తి' అన్న మాట కిందికి వస్తుందా? ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు వస్తుందన్నారు, ఒకరు రాదన్నారు. ఇద్దరి మాట చట్టమైంది, ప్రైవేటు లీజులు చెల్లకుండా పోయాయి. లాభంలో కనీసం ఇరవై శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలన్న మాట కూడా అందులోనే వచ్చింది. దేశమంతా లా కాలేజీల్లో చదివే ఈ కేసు పుట్టిన మండలంలో, హైస్కూలు పిల్లలు రెండు జట్లుగా నిలబడి ఆ 'వ్యక్తి' ఎవరో తేల్చుకునే పోటీ ఒక్కటి పెట్టొచ్చు. దానికి విమానం టికెట్టు అక్కర్లేదు.

అంతటితో అయిపోలేదు. 2005లో జిందాల్ సంస్థతో బాక్సైట్ ఒప్పందం జరిగింది. అరకు వైపు గాలికొండ, రక్తకొండ పేర్లు అప్పుడే మైదానం పత్రికల్లో మోగాయి. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అడవిని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీకి ఇస్తూ వచ్చిన జీవో 97 మీద మన్యం అట్టుడికింది. 2019లో అది రద్దయింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమా? లేక పిల్లల భాష తెలిసిన మనిషే బడిలో ఉండాలనడం న్యాయమా? ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చినా ఏజెన్సీలో ఇప్పటికీ తేలని వాదం అది. పర్యాటకం కోసం 1/70ని సడలించాలన్న మాట వినబడగానే 2025 ఫిబ్రవరిలో మన్యంలో బంద్ జరిగింది. పెదకోట దగ్గర పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టు ప్రతిపాదన మీద గ్రామాల్లో అభ్యంతరాలు నడుస్తూనే ఉన్నాయి. నగరాల డిబేట్ పిల్లలు 'మూలవాసుల భూమి హక్కు' అనే ప్రతిపాదన వస్తే బ్రెజిల్ గురించీ కెనడా గురించీ గూగుల్లో చదువుకుంటారు. ఇక్కడి పిల్లలకి అది ఇంటి వెనక కొండ.

ఈ కొండల భాషలో ప్రపంచమంతా విన్న వాదం కూడా ఒకటుంది. సరిహద్దు దాటితే ఒడిశాలో నియమగిరి. అక్కడి డోంగ్రియా కోందుల మాట కువి, మన వైపు కోందుల మాటా కువే. నియమగిరిలో బాక్సైట్ తవ్వొచ్చా లేదా అన్నది అక్కడి గ్రామసభలు తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జులై, ఆగస్టు నెలల్లో పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి అధికారి కూర్చుని విన్నారు, పోలీసులు చుట్టూ ఉన్నారు, విలేకరులు ఢిల్లీ నుంచీ లండన్ నుంచీ వచ్చారు. ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. పన్నెండు సభలూ వద్దన్నాయి. వాదించడం ఆదివాసులకి మనం నేర్పాల్సిన కొత్త విద్య అనుకునేవాళ్లు ఆ రోజుల పత్రికలు తిరగేస్తే చాలు.

మోడల్ యూత్ గ్రామసభ నాకు ముఖ్యమనిపించింది ఇందుకే. పార్లమెంటు ఆడే పిల్లల్లో పార్లమెంటుకి వెళ్లేవాళ్లు ఎందరుంటారో గానీ, పద్దెనిమిది నిండి ఓటరు జాబితాలో పేరెక్కిన ప్రతి అరకు పిల్లా గ్రామసభ సభ్యురాలే. 1996 నాటి పీసా చట్టం, 2011లో రాష్ట్రంలో వచ్చిన దాని నియమాలు ఆ సభకి ఇచ్చిన అధికారం మైదానంలో ఏ గ్రామసభకీ లేదు. భూసేకరణకి ముందు ఆ సభని సంప్రదించాలి. చిన్నతరహా ఖనిజాల లీజుకి సిఫారసు కావాలి. అయినా చాలాచోట్ల జరిగేదేమిటి? తీర్మానం ముందే రాసి తెస్తారు, సంతకాలూ వేలిముద్రలూ తీసుకుంటారు, సభ అయిపోయిందంటారు. అక్కడ లేచి "ఆ కాగితం ఒకసారి చదివి వినిపించండి" అని అడగగలిగిన పదిమంది ఉంటే పరిస్థితి వేరు. డిబేట్ నేర్పే అసలు ధైర్యం అదే.

ఇక్కడొక జాగ్రత్త చెప్పుకోవాలి. కొండల్లో పాత పెద్దల పంచాయితీని ఆకాశానికెత్తే అలవాటు మనలో కొందరికి ఉంది. ఊరి నాయుడు, చల్లాన్, బారికి అనే పదవులున్న ఆ కొలువుల్లో నిజంగానే ఓపికైన మాట నడిచేది. కోరాపుట్ వైపు గదబల ఊళ్లలో సదర్ అనే రాతి పలకల కూటమి ఉంటుంది, పెద్దలు కూర్చుని తగవు తీర్చే చోటు. ఆ పలకల మీద కూర్చున్నది మగవాళ్లు. ఆడవాళ్ల మాట పక్క నుంచి రావాలి. కుర్రవాళ్ల మాట అసలే రాకూడదు. బడిలో డిబేట్ పెడితే ఆ పాత కొలువుతో కూడా ఒక చిన్న తగవు తప్పదు. తప్పకపోవడమే మంచిది.

పేదపిల్లలకి, వెనక్కి నెట్టబడ్డవాళ్లకి ఇంగ్లిషు డిబేట్ అక్కరకొచ్చిందా అంటే అమెరికాలో వచ్చింది. టెక్సాస్‌లో మార్షల్ అనే ఊళ్లో వైలీ అనే చిన్న నల్లజాతి కాలేజీ ఉంది. అక్కడ మెల్విన్ టాల్సన్ అనే కవి తయారుచేసిన జట్టు 1935లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టుని ఓడించింది. నల్లవాళ్లన్న కారణంగా ఆనాటి డిబేట్ సంఘం వాళ్లని సభ్యులుగా కూడా చేర్చుకోలేదు. 2007లో వచ్చిన సినిమాలో అది హార్వర్డ్ మీద గెలుపైంది. సినిమావాళ్లకి సత్యం కంటే పెద్ద పేరు ముఖ్యం. 1985లో అట్లాంటాలో ఎమొరీ విశ్వవిద్యాలయం వాళ్లు నగరంలోని పేద బడులకి డిబేట్ తీసుకెళ్లడం మొదలుపెట్టారు. పన్నెండేళ్ల తర్వాత సోరోస్ సంస్థ డబ్బుతో ఆ పద్ధతి ఇతర నగరాలకి పాకింది. ఈ రెండో కథలో గమనించాల్సింది ఒకటుంది. ప్రతిభ కలిగిన పిల్లని ఏరి పైకి పంపడం దగ్గర వాళ్లు ఆగలేదు. బడిలో ప్రతి వారం నడిచే క్లబ్బు, ఆ క్లబ్బుకి జీతం మీద ఒక టీచరు, పక్క బడితో నెలకో పోటీ: దీని మీద డబ్బు పెట్టారు.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. అంతర్జాతీయ డిబేట్‌లో ఏ పక్షం వాదించాలో మీ ఇష్టం కాదు. చీటీ తేలుస్తుంది. బాక్సైట్ ప్రతిపాదన వస్తే సగం పిల్లలు తవ్వమని వాదించాలి. తాత జైలుకెళ్లి కాపాడిన కొండని మనవరాలు తవ్వమని ఎనిమిది నిమిషాలు చెప్పాలా? ఇది కొత్త తగవేం కాదు. 1954లో అమెరికా కాలేజీ డిబేట్లకి కమ్యూనిస్టు చైనాని గుర్తించాలా అన్న విషయం ఇచ్చారు. దేశంలో ఎర్రభయం నిండిన రోజులు. సైనిక అకాడమీ, నౌకా అకాడమీ తమ విద్యార్థులు గుర్తించాలన్న పక్షాన వాదించడానికి వీల్లేదన్నాయి. నమ్మనిదాన్ని వాదించడం నీతేనా అని అప్పుడు రగిలిన చర్చ డిబేట్ పండితుల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

నా అభిప్రాయం సగం సగంగా లేదు. వాదించాలి. గ్రామసభకి కంపెనీ తరఫున వచ్చే మనిషి ఉద్యోగాలంటాడు, రోడ్లంటాడు, ఆసుపత్రి అంటాడు, జిల్లా ఖనిజ నిధి అంటాడు. ఆ మాటల్ని ఒకసారి తన నోటితో బలంగా పలికిన పిల్లకే వాటిలో ఏది నిజం, ఏది డొల్ల అన్నది తెలుస్తుంది. కాఫీ వచ్చాక పోడు తగ్గిందా, తగ్గితే ఎవరి చేలో తగ్గింది అని అడగడమూ అప్పుడే వస్తుంది. కానీ ఆ వాదం తరగతి గదిలో, తోటి పిల్లల మధ్య జరగాలి. మంత్రి ముందు, కెమెరాల ముందు కాదు. ఏకలవ్య పాఠశాల అమ్మాయి చీటీలో వచ్చిన పక్షానికి మైనింగ్ కావాలని చెప్తే, మర్నాడు 'గనులు కోరుతున్న గిరిజన బిడ్డలు' అని వార్త వేసే ఘనులున్న రాష్ట్రం మనది. హైదరాబాద్ పిల్లకి చీటీ ఒక ఆట. అరకు పిల్ల నోట వచ్చిన మాటని సాక్ష్యంగా పట్టుకునేవాళ్లుంటారు. అంతర్జాతీయ నియమావళి రాసినవాళ్ల ఊహకి అందని తేడా ఇది.

భాష విషయంలో ప్రపంచం మనకంటే చాలా ముందుంది. డిబేట్ అంటే ఇంగ్లిషే అన్నది మన దేశపు భ్రమ. తొంభైలలో తూర్పు యూరప్‌లో కార్ల్ పాపర్ పేరున మొదలైన ముగ్గురేసి జట్ల పద్ధతి ఆయా దేశాల సొంత భాషల్లోనూ బడుల్లోకి వెళ్లింది. ఖతార్‌లో 2007లో పుట్టిన డిబేట్ సంస్థ అరబిక్‌లో బడిపిల్లల అంతర్జాతీయ పోటీలు నడుపుతోంది. మలేషియాలో ప్రధానమంత్రి కప్పు కోసం బడిపిల్లలు మలయ్ భాషలోనూ, ఇంగ్లిషులోనూ వాదిస్తారు. తెలుగుకి అలాంటిదేమీ లేదు. అమెరికాలో తానా, ఆటా సభలకి వేలమంది వస్తారు. సిలికానాంధ్ర మనబడి వాళ్లు పిల్లలకి తెలుగు మాట్లాట పోటీలు పెడతారు. అది మంచి ఆట, కానీ పదాల ఆట. అమెరికాలో తెలుగు పిల్లలు హైస్కూలు డిబేట్లలో బాగా రాణిస్తున్నారు. ఇంగ్లిషులో. డల్లాస్‌లో పుట్టిన పిల్లా అరకు పక్క డుంబ్రిగుడలో పుట్టిన పిల్లా ఒక ప్రతిపాదన మీద తెలుగులో ఎదురెదురుగా నిలబడితే ఎలా ఉంటుంది? ఇద్దరికీ తెలుగు అమ్మభాష అంత నున్నగా రాదు. ఆ రకంగా అది సమఉజ్జీల పోటీయే.

అరకుకి దగ్గరి పోలిక మాత్రం న్యూజిలాండ్‌లో ఉంది. 1965లో మావోరి హైస్కూలు పిల్లలకి ఇంగ్లిషు ప్రసంగ పోటీ ఒకటి మొదలైంది, గవర్నర్ జనరల్ ఇచ్చిన కొరిమాకో ట్రోఫీ పేరున. 1977లో దానికి మావోరి భాషలో పోటీ తోడైంది. ఇవాళ న్గా మాను కోరెరో అనే ఆ పోటీ మావోరి బడుల్లో పెద్ద పండుగ. రాసుకొచ్చిన ప్రసంగమే కాక, అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద కూడా మాట్లాడాలి. పరాయి భాషలో మొదలై సొంత భాషకి చేరడానికి వాళ్లకి పన్నెండేళ్లు పట్టింది. మన దగ్గర వరస తిరగేసే వీలుంది. 2004లోనే రాష్ట్రం కువి, ఆదివాసీ ఒడియా, కొండ, సవర, కోయ సహా ఎనిమిది భాషల్లో మాతృభాషా ప్రాథమిక విద్య మొదలుపెట్టింది. అందులో తయారైన పుస్తకాలున్నాయి, ఆ భాషల్లో పాఠం చెప్పిన మనుషులున్నారు. నడక కుంటుబడిందన్నది నిజమే. ఆ పథకం మూడో తరగతి దాటి పైకి ఎగబాకకపోవడం వల్ల హైస్కూలు వచ్చేసరికి ఇంటి భాష ఆటస్థలానికే పరిమితమైపోయింది. డిబేట్ దాన్ని మళ్లీ తరగతి గదిలోకి పిలవొచ్చు.

అలాగని ఇంగ్లిషు వద్దని చెప్పే హక్కు నాకు లేదు. తన పిల్లల్ని ఇంగ్లిషు మీడియంలో చదివించుకుని గిరిజనులకి మాతృభాష బోధించే పెద్దమనుషుల్ని మన్యం చాలామందిని చూసింది. వాదించడం వచ్చిన పిల్లకి భాష మార్చుకోవడం ఏడాది రెండేళ్ల పని. ఇంగ్లిషు వచ్చి వాదించడం రాని పిల్లకి ఎన్నేళ్లయినా అంతే. మొదటి ఏడాది ఆదివాసీ ఒడియాలో, తెలుగులో, ఆ తర్వాత ఇంగ్లిషులో అన్న క్రమం పెట్టుకుంటే, అరకు పిల్లలు భారత జట్టులో ఆ అంతర్జాతీయ వేదిక మీద నిలబడడం పగటికల కాదు. కాకపోయినా నష్టం లేదు. పెదబయలు, ముంచింగిపుట్టు, హుకుంపేట బడుల మధ్య నెలకో వాదం జరిగితే అదే పెద్ద సంగతి.

న్యాయనిర్ణేతలెవరన్నది అందరూ అడిగే ప్రశ్న. జవాబు దగ్గర్లోనే ఉంది. జీవో 3 ఉన్న ఇరవై ఏళ్లలో టీచర్లయిన స్థానిక గిరిజనులున్నారు. వాళ్లకి రెండు మూడు భాషలూ వచ్చు, పిల్లలూ తెలుసు. మార్కుల పద్ధతి రెండు రోజుల శిక్షణలో పట్టుబడుతుంది. అసలు పేచీ వచ్చేది విషయం ఎంపిక దగ్గర. కలెక్టరాఫీసు నుంచి వచ్చిన విషయమైతే అది ప్లాస్టిక్ నిషేధమో, సెల్‌ఫోను మేలా కీడా అన్నదో అయి ఉంటుంది. పిల్లలు ఆ రెండింటి మీదా గంటసేపు హాయిగా మాట్లాడతారు, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. అందుకని విషయాల కమిటీలో సగం మంది పిల్లలే ఉండాలని మొదటి నియమంగా రాసుకోవాలి. వాళ్లు బాక్సైటే ఎంచుకుంటారో, జీవో 3నే ఎంచుకుంటారో, హాస్టల్లో కూరలో నీళ్ల గురించే ఎంచుకుంటారో చెప్పలేం. ఏది ఎంచుకున్నా గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నుంచి ఒకరు వచ్చి మొదటి వరసలో కూర్చోవాలి. ప్రసంగించకూడదు. పిల్లలు ప్రశ్న వేస్తే మాత్రం, మొదటి నిమిషానికీ ఆఖరి నిమిషానికీ మధ్య, లేచి జవాబు చెప్పాలి.